అంతర్జాల వేదికలపై తీవ్రవాద ప్రచార నియంత్రణము

నిర్వచనము, పరిధి

హింసను ప్రేరేపించుటకును, నిషిద్ధ సంస్థలకు జనమును ధనమును సమకూర్చుటకును, జరిగిన దారుణములను కీర్తించుటకును అంతర్జాలమున ప్రచురింపబడు రచనలు, చిత్రములు, ధ్వనిముద్రణలు, వీడియోలు మున్నగువానిని గుర్తించి తొలగించుటకు, లేక వాని వ్యాప్తిని తగ్గించుటకు, అవసరమగుచో ప్రచురించినవారిని శిక్షించుటకు ప్రభుత్వములును, అంతర్జాల సంస్థలును, అంతర్జాతీయ సంఘములును అనుసరించు శాసనముల, నియమముల, సాంకేతిక పద్ధతుల సముదాయమే తీవ్రవాద ప్రచార నియంత్రణము. పత్రికల కాలమునాటి సెన్సారు వ్యవస్థలో వ్యవహారమంతయు ప్రభుత్వమునకును ప్రచురణకర్తకును నడుమనే సాగెడిది. అంతర్జాలమునందు వ్రాయువాడొకడు, ఆ వ్రాతకు తావిచ్చు సంస్థ వేఱొకటి, చదువువాడు ఏ దేశమువాడో యగుటచేత, బాధ్యత ఎవ్వరిదను ప్రశ్న మొదటినుండియు ఈ విషయమునకు కేంద్రమై నిలిచినది.

తీవ్రవాదమనగా నేమి యను మౌలిక ప్రశ్నకు అంతర్జాతీయ న్యాయము నేటికిని సర్వసమ్మతమైన సమాధానము నీయలేదు. ఉగ్రవాదమును గూర్చి సమగ్రమైన ఒడంబడిక యొకటి కావలెనని భారతదేశము 1996లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ యెదుట ప్రతిపాదించెను; నిర్వచనమువద్దనే చర్చలు చిక్కుకొనుటచేత అది ముసాయిదాగానే మిగిలినది. కావున ప్రతి దేశమును తనకు తోచిన సరిహద్దును తానే గీచికొన్నది. లెబనాను పార్లమెంటులో సభ్యులు గల హిజ్బుల్లా అమెరికా ప్రభుత్వపు జాబితాలో ఉగ్రవాద సంస్థ. ఆ సంస్థ నాయకుని ప్రసంగమును ఒక వేదిక తొలగించినచో అది ఒకచోట శాసనపాలనము, వేఱొకచోట రాజకీయ పక్షపాతము అనిపించుకొనును.

దేశములు చాలవఱకు అంగీకరించిన సామాన్యాధారము 1966నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక. దాని 19వ అధికరణము భావప్రకటన హక్కును, ఆ హక్కునకు విధింపదగిన పరిమితులను పేర్కొనగా, వివక్షకో శత్రుత్వమునకో హింసకో పురికొల్పునట్టి జాతీయ, జాతి, మత విద్వేష ప్రచారమును శాసనముచేత నిషేధింపవలెనని 20వ అధికరణము విధించుచున్నది. ఈ రెండింటిని సమన్వయించుటకై 2012లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయపు ఆధ్వర్యమున రూపొందిన రబాత్ కార్యప్రణాళిక ఆఱు పరీక్షలను సూచించెను: మాట పలుకబడిన సందర్భము, పలికినవాని స్థానము, వాని ఉద్దేశము, మాట యొక్క విషయమును రూపమును, దాని వ్యాప్తి, దానివలన హాని సంభవింపగల అవకాశము. వీనిలో మాటల రూపమును వ్యాప్తిని మాత్రమే యంత్రము కొంతవఱకు కొలువగలదు; తక్కినవన్నియు మానవ వివేచనమునకే గోచరించునవి. నేటి నియంత్రణ వ్యవస్థలోని చిక్కులలో పెక్కింటికి ఇదియే మూలము. (చూ. భావప్రకటన స్వాతంత్ర్యము, విద్వేష ప్రసంగము.)

చారిత్రక పరిణామము

తీవ్రవాద వర్గములు అంతర్జాలమును ఆశ్రయించుట సామాజిక మాధ్యమములతో మొదలైనది కాదు. అమెరికాలోని శ్వేతజాత్యహంకార వర్గములు 1984 ప్రాంతముననే టెలిఫోను తీగెల ద్వారా కంప్యూటర్లను కలుపు సందేశ ఫలకములను నడపిరి; 1995లో స్టార్మ్‌ఫ్రంట్ అను వెబ్‌సైటు వెలసినది. ఆ మరుసటి సంవత్సరమే, 1996 ఫిబ్రవరిలో, అమెరికా కాంగ్రెసు కమ్యూనికేషన్స్ డీసెన్సీ చట్టమును ఆమోదించెను. అందలి 230వ సెక్షను ఇతరులు వ్రాసిన విషయమునకు వేదికను ప్రచురణకర్తగా భావింపరాదనియు, అభ్యంతరకరమని తోచినదానిని సద్బుద్ధితో తొలగించినందుకు ఆ వేదికపై దావా చెల్లదనియు రెండు రక్షణములు కల్పించెను. వేదికలు బాధ్యతలేక పెరిగినవనువారును, స్వేచ్ఛగా పెరిగినవనువారును ఈ సెక్షనునే కారణముగ చూపుదురు.

సరిహద్దులు లేని అంతర్జాలమునకు సరిహద్దులు గల న్యాయస్థానములు ఏమి చేయగలవను ప్రశ్న 2000 సంవత్సరమున పారిసు నగరములో తలయెత్తెను. యాహూ వేలము పుటలలో నాజీ చిహ్నములు అమ్ముడుపోవుచుండగా, అవి ఫ్రాన్సులోని వినియోగదారులకు అందకుండ చేయవలెనని ఫ్రెంచి న్యాయమూర్తి ఆదేశించెను. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ తమకు రక్షణ యని సంస్థ వాదించినను, కొలది కాలములోనే అట్టి వస్తువుల వేలమును తానే నిషేధించుకొన్నది. అప్పటినుండి నేటివఱకు నడచిన వివాదములలో పెక్కులు ఈ వ్యాజ్యమునకు రూపాంతరములే.

2014 జూనులో మోసుల్ నగరమును ఆక్రమించిన ఇస్లామిక్ స్టేట్ సంస్థ బందీల శిరశ్ఛేదన దృశ్యములను అంతర్జాలమున ప్రచురించుటతో ప్రభుత్వముల వైఖరి కఠినమయ్యెను. ఆ సంస్థను సమర్థించు ట్విట్టర్ ఖాతాలు 2014 చివరి నెలలలో 46,000కు తక్కువ కావని బ్రూకింగ్స్ సంస్థ 2015లో ప్రచురించిన అధ్యయనము అంచనా వేసినది. 2015 మధ్యభాగమునుండి లక్షా ఇరువదియైదువేల ఖాతాలను నిలిపివేసితిమని 2016 ఫిబ్రవరిలో ట్విట్టర్ ప్రకటించెను. బ్రిటను 2010లోనే పోలీసు విభాగమొకదానిని ఇట్టి విషయములను తొలగింపజేయుటకై ఏర్పఱచియుండగా, 2015 జులైలో యూరోపియన్ యూనియన్ పోలీసు సంస్థయగు యూరోపోల్ అట్టిదే స్థాపించెను. 2016 మే నెలలో ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, ట్విట్టర్, యూట్యూబ్ సంస్థలు యూరోపియన్ కమిషనుతో విద్వేష ప్రసంగ ప్రవర్తనా నియమావళిని అంగీకరించి, 2017లో ఉగ్రవాద నిరోధమునకై ప్రపంచ అంతర్జాల వేదిక యను ఉమ్మడి సంఘమును నెలకొల్పినవి. చట్టము వచ్చుటకు ముందే స్వచ్ఛందముగ కదలుట సౌజన్యము వలననా, చట్టమును దూరముంచుటకా యను సందేహము నాడే కలిగినది.

ప్రచార రూపములు

నియంత్రణకు లోనగు విషయములను స్థూలముగ ఇట్లు వర్గీకరింపవచ్చును: హింసకు ప్రత్యక్ష ప్రేరణ; ఆయుధముల తయారీ సూచనలు; సభ్యుల చేరిక, నిధుల సేకరణ; ఘాతుకులను వీరులుగ కీర్తించుట; దాడిని ప్రత్యక్ష ప్రసారము చేయుట. వీనితోబాటు పరిహాస చిత్రముల మాటున, సంకేత పదముల మాటున నడచు ప్రచారమొకటి కలదు. ఇది తెలిసినవారికి తెలియును, పైవారికి అల్లరిగ మాత్రమే కనబడును.

ఈ విషయములకు బాహ్యరూపమున సమానములై, ప్రయోజనమున విరుద్ధములైనవి మఱికొన్ని కలవు. వార్తాపత్రిక ప్రచురించు దృశ్యము, పరిశోధకుని సంగ్రహము, బాధితుని సాక్ష్యము, ఆ ప్రచారమును ఖండించువాని ఉల్లేఖము, వ్యంగ్య రచన ఇట్టివి. నిషిద్ధ సంస్థ పతాకము ఇందన్నిటను కనబడును. పతాకమును గుర్తించుట యంత్రమునకు తేలిక. అది ఎవ్వరి చేత, ఎందులకు చూపబడెనో గుర్తించుట కష్టము.

గుర్తింపు, తొలగింపు పద్ధతులు

వేదికలు అనుసరించు పద్ధతులలో అన్నిటికన్న స్థిరపడినది హ్యాష్ పోలిక. ఒక చిత్రమునుండి గణితక్రియచేత రాబట్టిన సంఖ్యామాలికకు హ్యాష్ అని పేరు. మనుష్యునకు వేలిముద్ర యెట్టిదో చిత్రమునకు ఇది యట్టిది. సాధారణ హ్యాష్‌లో చిత్రమునందలి ఒక్క చుక్క మాఱినను సంఖ్య యంతయు మాఱిపోవును గనుక, చిత్రపు అంచు కొద్దిగ కత్తిరించినవాడు దానిని తప్పించుకొనగలడు. ఈ లోపమును పూరించుటకై, పిల్లలపై లైంగిక దౌర్జన్యపు చిత్రములను పట్టుకొను నిమిత్తము, 2009లో మైక్రోసాఫ్ట్ సంస్థయు ఆచార్య హనీ ఫరీదును కలిసి ఫోటోడీఎన్‌ఏ అను పద్ధతిని రూపొందించిరి. ఇందు చిత్రమును నలుపుతెలుపులకు మార్చి, నియత పరిమాణమునకు కుదించి, గళ్లుగ విభజించి, ఒక్కొక్క గడిలో వెలుగునీడల మార్పును కొలిచి, ఆ కొలతలనుండి సంఖ్యను పుట్టింతురు. కావున స్వల్పమైన మార్పులు జరిగినను రెండు సంఖ్యలును దగ్గఱగనే యుండును. ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, ట్విట్టర్, యూట్యూబ్ సంస్థలు ఉగ్రవాద దృశ్యముల హ్యాష్‌లను పరస్పరము పంచుకొందుమని 2016 డిసెంబరులో ప్రకటించినవి. ఒక సంస్థ తొలగించిన వీడియోను తక్కిన సంస్థలు దృశ్యమును చూడకయే, సంఖ్యను పోల్చి ఆపుటకు దీనిచే వీలు కలిగెను. లాభము స్పష్టమే, మొదటి సంస్థ పొరబడినచో ఆ పొరపాటు కూడ అంతే సులభముగ అందఱికిని పంచబడునని విమర్శకులు చూపినదియు అంత స్పష్టమే.

హ్యాష్ పూర్వము చూచినదానిని మాత్రమే పట్టగలదు. క్రొత్తదానిని పట్టుటకై యంత్రాభ్యాసముచేత శిక్షితములైన వర్గీకరణ సాధనములను వాడుదురు. ఇవి పూర్వోదాహరణములనుబట్టి ప్రతి విషయమునకును ఒక సంభావ్యతను కట్టి, అది హెచ్చుగ నున్నప్పుడు తామే తొలగించుటయో, మానవ పరిశీలకునకు పంపుటయో చేయును. తొలగింపు ఒక్కటే మార్గము కాదు. సిఫారసు జాబితాలనుండి తప్పించుట, ప్రకటనల ఆదాయమును నిలుపుట, హెచ్చరిక తెర వేయుట, ఒక దేశమువారికి మాత్రము కనబడకుండ చేయుట మున్నగు మధ్యమ మార్గములు వాడుకలో కలవు. వేదికలకును దిగువ, వానిని నిలబెట్టు సేవల అంతస్తు ఒకటి కలదు. వెబ్‌సైట్లను దాడులనుండి కాపాడు క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2017 ఆగస్టులో నియో-నాజీ వెబ్‌సైటునొకదానిని, అమెరికాలోని ఎల్ పాసో హత్యాకాండము పిమ్మట 2019 ఆగస్టులో 8చాన్ అను చర్చావేదికను తన సేవలనుండి తొలగించెను. ఇట్టి నిర్ణయము ఒక్క సంస్థ ఇష్టాయిష్టములపై ఆధారపడియుండుట ప్రమాదకరమని మొదటి సందర్భమున ఆ సంస్థ అధిపతియే బహిరంగముగ ఒప్పుకొన్నాడు.

క్రైస్ట్‌చర్చ్ ఉదంతము

2019 మార్చి 15వ తేదీన న్యూజిలాండునందలి క్రైస్ట్‌చర్చ్ నగరములో రెండు మసీదులపై జరిగిన దాడిలో 51 మంది మరణించిరి. మృతులలో హైదరాబాదు, కరీంనగరములకు చెందినవారును ఉండిరి. ఘాతుకుడు తన తలకు కెమెరా బిగించుకొని ఫేస్‌బుక్కున ఆ దాడిని పదునేడు నిముషములపాటు ప్రత్యక్షముగ ప్రసారము చేసెను. సంస్థ తరువాత వెల్లడించిన వివరములు ఈ వ్యవస్థ యొక్క బలమును బలహీనతను ఒక్కచోట చూపుచున్నవి. ప్రసారము సాగుచుండగ చూచినవారు రెండువందలలోపు. ఆ సమయమున ఒక్కరును ఫిర్యాదు చేయలేదు. మొదటి ఫిర్యాదు ప్రసారము ఆరంభమైన 29 నిముషములకు, అనగా ముగిసిన 12 నిముషములకు వచ్చెను. మూల వీడియో తొలగింపబడునప్పటికి దానిని చూచినవారు సుమారు నాలుగువేలు. కాని మొదటి 24 గంటలలో దాని ప్రతులు 15 లక్షలు తొలగింపవలసివచ్చెను. వానిలో 12 లక్షలకు పైగా ఎక్కించు క్షణముననే అడ్డుకొనబడినవి. తక్కినవి కొంతసేపైనను జనులకు కనబడినవన్నమాట. తెరను వేఱొక ఫోనుతో తీసియు, అంచులు కత్తిరించియు, రంగులు మార్చియు జనులు పుట్టించిన రూపాంతరములు ఎనిమిదివందలకు మించినవి. కాల్పుల వీడియో ఆటలకును నిజమైన దాడికిని భేదమును యంత్రము నిశ్చయింపజాలకుండుట, అట్టి దృశ్యములు శిక్షణకు చాలినన్ని లేకుండుట వైఫల్యమునకు కారణములుగ చెప్పబడినవి.

రెండు నెలల తరువాత, మే 15వ తేదీన, న్యూజిలాండు ప్రధానమంత్రి జసిండా ఆర్డెర్న్, ఫ్రాన్సు అధ్యక్షుడు ఎమాన్యుయేల్ మక్రాన్ పారిసులో, ఉగ్రవాద విషయములను అంతర్జాలమునుండి తొలగింపవలెనను క్రైస్ట్‌చర్చ్ పిలుపును ప్రకటించిరి. భారతదేశము దానిని ఆదిలోనే సమర్థించిన దేశములలో ఒకటి. భావస్వాతంత్ర్య కారణమున అప్పుడు దూరముగ నిలిచిన అమెరికా 2021లో చేరెను. సంస్థల నడుమ అత్యవసర సమాచార పద్ధతియు పిమ్మట ఏర్పడెను. 2022 మేలో అమెరికాలోని బఫెలో నగరమున పదిమందిని బలిగొన్న దాడి ట్విచ్ వేదికపై ప్రసారమైనప్పుడు, ఆ సంస్థ దానిని హింస మొదలైన రెండు నిముషములలోపుననే నిలిపివేసెను. అయినను ప్రతులు ఇతర వేదికలకు ప్రాకిపోయినవి.

వివిధ దేశముల శాసనములు

జర్మనీ 2017లో చేసిన అంతర్జాల అమలు చట్టము తొలి కఠిన శాసనముగ పేరొందినది. ఆ దేశమున ఇరువది లక్షలకు పైగా నమోదిత వినియోగదారులు గల వేదికలు స్పష్టముగ చట్టవిరుద్ధమైనదానిని ఫిర్యాదు అందిన 24 గంటలలోపున, సందిగ్ధమైనదానిని సాధారణముగ ఏడు దినములలోపున తొలగింపవలెననియు, ఈ వ్యవస్థను నెలకొల్పనిచో జరిమానా ఐదుకోట్ల యూరోలవఱకు ఉండవచ్చుననియు అది విధించెను. ఫ్రాన్సు 2020లో దీనిని మించబోయి భంగపడినది. ఉగ్రవాద విషయములను పోలీసులు చెప్పిన గంటలో తొలగింపవలెనను నిబంధనను, అందు న్యాయమూర్తి ప్రమేయము లేదను కారణముచేత, ఆ దేశపు రాజ్యాంగ మండలి జూన్ 18వ తేదీన కొట్టివేసెను. అయినను గంట గడువు మరణింపలేదు. 2021లో ఆమోదింపబడి 2022 జూన్ 7నుండి అమలులోనికి వచ్చిన యూరోపియన్ యూనియన్ ఉగ్రవాద విషయ నిబంధన అదే గడువును యూనియనంతటికిని విధించెను. తొలిసారి ఆదేశము పొందు సంస్థకు 12 గంటల ముందుగ సమాచార మీయవలెననియు, విద్యా, పత్రికా, కళా, పరిశోధన ప్రయోజనములు గలవానిని ఉగ్రవాద విషయముగ పరిగణింపరాదనియు, తొలగించినదానిని ఆఱు మాసములు భద్రపఱుపవలెననియు చేర్చిన నిబంధనలు ఆ కాఠిన్యమును కొంత సడలించుచున్నవి. రాత్రి వేళ కావలివారు లేని చిన్న వేదికకు గంట గడువు విధించుట, పరిశీలింపక తొలగింపుమని చెప్పుటతో సమానమేయనుట అతిశయోక్తి కాదు.

ఇంతకన్న విశాలమైనది 2022లో చేయబడి 2024 ఫిబ్రవరి 17నుండి పూర్తిగ అమలుపఱుపబడిన డిజిటల్ సేవల చట్టము. ఒక్కొక్క పోస్టు మంచిచెడ్డల విచారణకన్న సంస్థ నడుపు వ్యవస్థపైననే ఇది దృష్టి నిలుపును. యూనియనులో నాలుగున్నర కోట్ల వినియోగదారులు గల మహావేదికలు తమ అల్గారిథములవలన కలుగు ప్రమాదములను ఏటేట అంచనా వేసికొనవలెను; తొలగింపునకు కారణము చెప్పవలెను; అప్పీలునకు దారి చూపవలెను. ఉల్లంఘించినచో జరిమానా ప్రపంచవ్యాప్త వార్షికాదాయమున ఆఱు శాతమువఱకు ఉండును. 2023 అక్టోబరు 26న రాజామోదము పొందిన బ్రిటను ఆన్‌లైన్ భద్రతా చట్టము ఈ మార్గమునే అనుసరించి పర్యవేక్షణ భారమును ప్రసార నియంత్రకమగు ఆఫ్‌కామ్ సంస్థకు అప్పగించెను. ఆస్ట్రేలియా క్రైస్ట్‌చర్చ్ దాడి జరిగిన మూడు వారములలో దారుణ హింసాదృశ్యముల చట్టమును చేసినది.

అమెరికా దారి వేఱు. 1969నాటి బ్రాండెన్‌బర్గ్ తీర్పు ప్రకారము తక్షణ చట్టవిరుద్ధ చర్యకు పురికొల్పు ఉద్దేశమును, అట్లు జరుగు సంభావ్యతయును ఉన్నప్పుడే ప్రసంగమును శిక్షింపవచ్చును. కావున తీవ్రవాద భావములను ప్రకటించుట మాత్రమే అచ్చట నేరము కాదు. ఇస్లామిక్ స్టేట్ దాడులలో మరణించినవారి కుటుంబములు వేదికలే ఆ సంస్థకు తోడ్పడినవని వేసిన దావాలలో, ఇస్తాంబుల్ దాడికి సంబంధించిన ట్విట్టర్ వ్యాజ్యమును సుప్రీంకోర్టు 2023 మే 18న త్రోసివేసెను. పారిసు దాడికి సంబంధించిన గూగుల్ వ్యాజ్యమును ఆ తీర్పు వెలుగున పునఃపరిశీలనకై దిగువ న్యాయస్థానమునకు మరల్చి, అల్గారిథముల సిఫారసునకు 230వ సెక్షను వర్తించునా యను అసలు ప్రశ్నను తాకకయే విడిచెను.

భారతదేశము

భారతదేశమున ఈ నియంత్రణకు ఆధారము 2000నాటి సమాచార సాంకేతిక చట్టము. ముంబయి దాడులు జరిగిన మరుసటి నెలలోనే, 2008 డిసెంబరున, పార్లమెంటు ఆ చట్టమునకు చేసిన సవరణలు 2009 అక్టోబరు 27నుండి అమలులోనికి వచ్చినవి. అందలి 69ఎ సెక్షను దేశ సార్వభౌమత్వము, రక్షణ, భద్రత, విదేశ మైత్రి, ప్రజాశాంతి అను కారణములచే అంతర్జాల సమాచారమును నిరోధించు అధికారమును కేంద్ర ప్రభుత్వమునకొసగెను. అదే సంవత్సరపు నియమముల ప్రకారము హోం, న్యాయ, సమాచార ప్రసార శాఖల ప్రతినిధులు గల సంఘము అభ్యర్థనను పరిశీలింపవలెను. ప్రచురించినవానికో వేదికకో 48 గంటల వ్యవధితో నోటీసు ఈయవలెను. అత్యవసరమైనప్పుడు ముందు నిరోధించి, 48 గంటలలోపున సంఘము నెదుట ఉంచవలెను. అభ్యర్థనలను, చర్యలను రహస్యముగ ఉంచవలెనను 16వ నియమముచేత, తన వ్రాత ఎందులకు కనబడకపోయినదో వ్రాసినవానికి తెలియని సందర్భములు తఱచుగ కలుగుచున్నవి. 79వ సెక్షను నిర్ణీత జాగ్రత్తలు పాటించు వేదికలకు ఇతరుల విషయములపై రక్షణ కల్పించుచున్నది. వీనికి తోడు నిషిద్ధ సంస్థల విషయమున 1967నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టమును, వర్గవైషమ్యములను రెచ్చగొట్టుటకు భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షనును వర్తించును.

ఈ అధికారము వినియోగింపబడిన తీరునకు రెండు ఘటనలు చాలును. 2012 ఆగస్టులో అస్సాము అల్లర్లకు ప్రతీకారము జరుగబోవుచున్నదను వదంతులు ఫోన్లలో వ్యాపింపగా, బెంగుళూరు, హైదరాబాదు మున్నగు నగరములనుండి ఈశాన్య రాష్ట్రములవారు రైళ్లెక్కి స్వస్థలములకు తరలిరి. ప్రభుత్వము మూడువందలకు పైగా పుటలను నిరోధించి, మూకుమ్మడి ఎస్సెమ్మెస్సులను నిషేధించి, ఒక్కొక్క ఫోనునుండి దినమునకు ఐదింటికి మాత్రమే అనుమతించెను. 2014 డిసెంబరులో ఇస్లామిక్ స్టేట్ ప్రచారము కలదను కారణముచే 32 వెబ్‌సైట్లు నిరోధింపబడినప్పుడు, ఆ జాబితాలో ప్రోగ్రామర్లు నిత్యము వాడు గిట్‌హబ్, పుస్తకములను వెబ్‌పుటలను భద్రపఱచు ఇంటర్నెట్ ఆర్కైవ్, వీడియోల వేదికయగు విమియో కూడ ఉండెను. కొన్ని పుటలకొఱకు గ్రంథాలయమునకే తాళము వేసిరన్న విమర్శ రాగా, కొన్నింటిపై నిరోధము వెంటనే ఎత్తివేయబడెను.

న్యాయస్థానముల నిర్ణయములలో 2015 మార్చి 24నాటి శ్రేయా సింఘాల్ తీర్పు ముఖ్యమైనది. కృష్ణా జిల్లావాడైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్ గల ధర్మాసనము, 'తీవ్రముగ అభ్యంతరకరము' వంటి అస్పష్ట పదములతో కూడిన, సమాచార సాంకేతిక చట్టపు 66ఎ సెక్షనును కొట్టివేసెను. చర్చ, సమర్థనము, ప్రేరణము అను మూడింటిని వేఱుపఱచి, మూడవదగు ప్రేరణము వఱకు పోయినప్పుడే రాజ్యాంగపు 19(2) అధికరణము క్రింద పరిమితి చెల్లునని నిర్ణయించెను. 69ఎ సెక్షనును మాత్రము, నియమములలోని రక్షణలను ఆధారముగ చూపి, నిలిపియుంచెను. వేదిక న్యాయస్థానపు ఉత్తరువో ప్రభుత్వపు ఆదేశమో అందిన పిమ్మటనే తొలగింపు బాధ్యతకు లోనగునని 79వ సెక్షనునకు చెప్పిన వ్యాఖ్యానము వేదికలను తామే న్యాయమూర్తులు కావలసిన భారమునుండి తప్పించెను.

అదే చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వము చేసిన 2021 ఫిబ్రవరి 25నాటి నియమములు చిత్రమును మఱల మార్చినవి. ఏబది లక్షల నమోదిత వినియోగదారులు గల వేదికలు దేశమునందు నివసించు అధికారులను నియమింపవలెను, నెలనెల నివేదికలు ప్రచురింపవలెను. ప్రభుత్వ ఆదేశముపై తొలగింపునకు ఆ నియమములు తొలుత ఒసగిన గడువు 36 గంటలు. సందేశమును మొట్టమొదట పంపినవానిని గుర్తింపవలెనను నిబంధనను, అది రహస్య సంకేతీకరణమును భగ్నము చేయునని, వాట్సాప్ ఢిల్లీ హైకోర్టులో ప్రశ్నించెను. 2024లో హోంశాఖ పర్యవేక్షణమున వెలసిన సహయోగ్ పోర్టల్ ద్వారా అనేక శాఖల అధికారులు 79వ సెక్షను క్రింద నేరుగ తొలగింపు నోటీసులు పంపుట 69ఎ రక్షణలను ప్రక్కకు నెట్టుటయేయని ఎక్స్ (పూర్వపు ట్విట్టర్) సంస్థ వాదింపగా, కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరులో ఆ వాదమును త్రోసిపుచ్చెను.

వివాదాంశములు

అతి తొలగింపు వీనిలో మొదటిది. జరిమానా భయము తొలగింపనందుకే గాని పొరబాటున తొలగించినందుకు లేనిచోట, సంస్థ సందేహమును తొలగింపువైపే త్రిప్పుట సహజము. ఫేస్‌బుక్కు మాతృసంస్థయగు మెటా వేదికలపై అరబీలో అమరవీరుడను అర్థమున వాడబడు 'షహీద్' అను మాట ఏ ఇతర పదమునకన్న ఎక్కువ తొలగింపులకు కారణమైనదనియు, ఆ విధానమును సడలింపవలెననియు ఆ సంస్థ పర్యవేక్షక మండలి 2024 మార్చిలో సూచించెను.

సాక్ష్యనాశనము రెండవది. 2017లో యూట్యూబ్ యంత్రసాధనములు సిరియా యుద్ధనేరములను నమోదు చేసిన వీడియోలను పెద్దమొత్తమున తొలగించినవి. అదే సంవత్సరము ఆగస్టులో అంతర్జాతీయ నేరన్యాయస్థానము లిబియా సైన్యాధికారి యొకనిపై జారీచేసిన అరెస్టు వారెంటునకు సామాజిక మాధ్యమములలోని వీడియోలే ఆధారములు. నేరస్థుడు గొప్పకై ప్రచురించినది న్యాయస్థానమున సాక్ష్యమైనది.

వలస మూడవది. పెద్ద వేదికలనుండి వెడలగొట్టబడినవారు టెలిగ్రామ్ వంటివానికి చేరుదురు. 2019 నవంబరులో యూరోపోల్ టెలిగ్రామ్ సంస్థతో కలిసి అచ్చటి ఇస్లామిక్ స్టేట్ ఖాతాలను పెద్దయెత్తున తొలగించునంతవఱకు అది వారికి ప్రధానాశ్రయముగ నుండెను. వలసచేత శ్రోతలు తగ్గుదురనుట ఎంత నిజమో, మిగిలినవారు మఱింత గట్టిపడుదురనుటయు అంత నిజము.

పరిశీలకుల స్థితి చర్చలలో వెనుకబడిన అంశము. దినమంతయు శిరశ్ఛేదన దృశ్యములను చూచుట వృత్తియైనవారి మానసిక క్షోభకు పరిహారముగ 2020 మే నెలలో ఫేస్‌బుక్ 5.2 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను. ఆ పరిష్కారము అమెరికాలో పనిచేసినవారికే పరిమితము. హైదరాబాదులోని కాంట్రాక్టు సంస్థలలో ఇదే పని చేయువారికి అది వర్తింపలేదు.

ప్రాంతీయ భాషలు

నియంత్రణ ఎంత కఠినమైనను భాష తెలిసినవాడు లేనిచో వ్యర్థమని మయన్మారు నిరూపించినది. రోహింగ్యాలపై విద్వేషము ఫేస్‌బుక్కున వ్యాపించుచుండగ, 2015 తొలినాళ్లలో, బర్మీస్ తెలిసి అచ్చటి పోస్టులను పరిశీలించువారు ఆ సంస్థయందు ఇద్దఱు మాత్రమే. ఆ దేశమున వాడుకలోనున్న అక్షరరూపము యూనికోడునకు భిన్నమగుటయు యంత్రపరిశీలనకు అడ్డయ్యెను. హింసను ప్రేరేపించుటకు తమ వేదిక ఉపయోగింపబడకుండ తగినంత చేయలేదని 2018 నవంబరులో సంస్థ ఒప్పుకొన్నది.

తెలుగునందు చిక్కులు వేఱు విధమైనవి. తెలుగును రోమను లిపిలో వ్రాయువారు కోకొల్లలు. దీర్ఘమునకు ఒకడొక అక్షరమును, మఱొకడు రెండక్షరములను వాడుటచేత ఒక్క పదమే పలు రూపములు దాల్చును. తెలుగు లిపిలోనే వ్రాసినను, 'చంపు' ధాతువునుండి పుట్టిన 'చంపుతాం' బెదిరింపు, 'చంపారు' వార్త, 'చంపకండి' వేడికోలు. నటుని అభినయము చూచిన అభిమాని 'చంపేశాడు పో' యన్నచో అది పరమ ప్రశంస. నాయకుడు విలేఖరుల సమావేశమున 'బాంబు పేల్చె'నని పత్రికలు నిత్యము శీర్షికలు పెట్టును. పదముల పట్టికపై ఆధారపడు సాధనము ఇచ్చట నిర్దోషిని పట్టుకొని, సామెతల మాటున ద్వేషము నింపువానిని విడిచిపెట్టును. ఈ భేదములను క్షణములో గ్రహించునది తెలుగు తెలిసిన మనుష్యుడే.

యూరోపియన్ యూనియన్ డిజిటల్ సేవల చట్టపు 42వ అధికరణము ప్రకారము మహావేదికలు యూనియన్ అధికార భాషలలో ఒక్కొక్కదానికి ఎందఱు మానవ పరిశీలకులను నియమించినవో, వారి అర్హతలేమో బహిరంగముగ నివేదింపవలెను. భారతదేశపు 2021 నియమములు నెలనెల నివేదికలో ఫిర్యాదుల, తొలగింపుల సంఖ్యలను కోరుచున్నవే గాని భాషలవారీగ పరిశీలకుల సంఖ్యను కోరుటలేదు. కావున తెలుగు పోస్టులను చదివి తీర్పు చెప్పువారు ఏ వేదికయందు ఎందఱున్నారో తెలిసికొనుటకు తెలుగు పాఠకునకు ఆ నియమములు ఏ మార్గమును చూపలేదు.